ఆబిడ్స్ దుకాణాల జ్ఞాపకాలను ఇప్పుడైనా నమోదు చేయాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

మా కోడలి చీరకు రవిక గుడ్డ కోసం గత నెలలో చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, రెండో స్టేషనైన సుల్తాన్ బజారులో దిగి, పని చూసుకుని, అక్కడి నుంచి బ్యాంక్ స్ట్రీట్ మీదుగా ఆబిడ్స్ దాకా నడిచాను. మా ఇంట్లో మూడు తరాల వారికి బట్టలు కొలిచి ఇచ్చిన దుకాణం దగ్గరికి వచ్చేసరికి షట్టరు దించి ఉంది. దాని మీద అద్దెకు ఇవ్వబడునన్న కాగితం, కింద ఒక ఫోను నంబరు. బోర్డు ఊడదీసిన చోట గోడ మాత్రం దుమ్ము పట్టకుండా తెల్లగా, పొడవాటి పట్టీలాగా మిగిలి ఉంది. పక్కనే సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్న కుర్రవాడిని అడిగితే, "అక్కడ ముందు ఏముండేదో నాకు తెల్వదమ్మా, నేను వచ్చి ఏడాదే అయింది" అన్నాడు. అతని తప్పేమీ లేదు. కానీ ఇన్నేళ్ళు పండుగలకూ పెళ్ళిళ్ళకూ వేల కుటుంబాలు మెట్లెక్కిన దుకాణం గురించి, దాని గుమ్మానికి పదడుగుల దూరంలో చెప్పగలిగినవారు ఒక్కరూ లేకపోవడం ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆబిడ్స్ అన్న పేరే ఒక దుకాణం పేరన్న సంగతి ఈ తరంలో ఎంతమందికి తెలుసోనని నాకు తరచు అనిపిస్తుంది. 1869 నుంచి 1911 దాకా పాలించిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో, ఆయన సొంత అవసరాలు చూసుకునే ఉద్యోగంలో ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ ఉండేవాడు. ఆయన ఇక్కడ పెట్టిన దుకాణమే ఆబిడ్ షాప్. ఆ నవాబుగారి దుస్తులకు ఎంత చోటు కావలసి వచ్చేదో తెలియాలంటే పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి వెళ్ళి, 176 అడుగుల పొడవున రెండంతస్తులుగా కట్టిన ఆయన చెక్క బీరువాల వరుసను ఒకసారి చూస్తే చాలు. ఆబిడ్ గారి దుకాణం ఎప్పుడో పోయింది. నా చిన్నతనంలో దాన్ని చూసినవారు మా ఇంట్లో ఎవరూ లేరు. అయినా బస్సు ఆగగానే కండక్టరు "ఆబిడ్ షాప్, ఆబిడ్ షాప్" అనే కేక వేసేవాడు. కొట్టు పోయినా ఊరివాళ్ళ నోట దాని పేరు ఉండిపోయింది. మన రోజుల్లోని దుకాణాలకు ఆ మాత్రం అదృష్టం కూడా దక్కేటట్టు కనిపించడం లేదు.

మా నాన్నగారు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఏడాదికి రెండుసార్లు మాత్రమే మాకు ఆబిడ్స్ ప్రయాణం ఉండేది, జూన్‌లో బడులు తెరిచే ముందు ఒకసారి, దసరాకు ముందు మరోసారి. జీతం వచ్చిన మరుసటి శనివారం మధ్యాహ్నం ఆయన ఆఫీసు నుంచి నేరుగా జనరల్ పోస్టాఫీసు మెట్ల దగ్గరికి వచ్చేవారు. మా అమ్మ మా ముగ్గురినీ వెంటబెట్టుకుని సిటీ బస్సులో అక్కడికి చేరేది. సికింద్రాబాదులో ఉండే మా మేనత్త వాళ్ళు డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో, డ్రైవరు తల మీద కూర్చున్నట్టుగా ముందు వరుసలో కూర్చుని వచ్చామని చెప్పుకుంటే మాకు అసూయగా ఉండేది. పోస్టాఫీసు మెట్ల మీద నాన్నగారు జేబులోంచి చిన్న కాగితం తీసి, ఎవరికి ఏమి కావాలో, దేనికి ఎంత మించకూడదో అమ్మకు మెల్లగా చదివి వినిపించేవారు. ఆ లెక్క పూర్తయితే గాని దుకాణాల వైపు అడుగు పడేది కాదు.

ఇప్పుడు షట్టరు దించి ఉన్న ఆ దుకాణంలోకి వెళ్ళగానే ఎడమవైపు పొడవాటి చెక్క బల్ల, దాని వెనుక గోడ నిండా తానులు. కుడివైపు చీరల విభాగంలో బల్ల ఉండేది కాదు. నేల మీద పరుపులు వేసి తెల్లటి దుప్పట్లు పరిచేవారు. చెప్పులు విడిచి అక్కడ కూర్చుంటే పిల్లలకు కూడా మంచినీళ్ళు వచ్చేవి. కొత్త గుడ్డకు పెట్టిన గంజి వాసన ఆ గదంతా ఉండేది. మా అమ్మకు చీరలు చూపించే గుమాస్తాగారు అప్పటికే నడివయసు మనిషి. మాతో తెలుగులో, పక్కన కూర్చున్న బేగం గారితో ఉర్దూలో, గల్లా పెట్టె దగ్గరి శేఠ్‌తో మార్వాడీలో ఒకే విడతలో మాట్లాడేవారు. "ఏం చూపించమంటారమ్మా" అని అడిగేవారు గాని, "ఎంతలో కావాలి" అని ఏనాడూ అడగలేదు. అమ్మ చేతిసంచీ పట్టుకున్న తీరును బట్టి మా స్తోమత ఆయనకు తెలిసిపోయేదని పెద్దయ్యాక నాకు అర్థమైంది. మొదట తీసే నాలుగు చీరలూ మేము కొనగలిగిన వాటిలోనే ఉండేవి. ఐదోది కొంచెం ఎక్కువ ధరది తీసి, "కొనడానికి కాదమ్మా, ఊరికే చూడండి, నేత బాగుంది" అనేవారు.

గుడ్డ కొలవడం చూడటానికే నేను బల్ల దగ్గర నిలబడేదాన్ని. తానును బల్ల మీద వేసి ఒక్కసారి దొర్లిస్తే అది ధబ్‌ధబ్‌మని చప్పుడు చేస్తూ విచ్చుకుంటూ పోయేది. ఇనుప మీటరు బద్దకు ఆనించి కొలిచి, చివర నాలుగు వేళ్ళ మందం గుడ్డ ఎక్కువ వదిలి, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టేవారు. ఆ తరువాత కత్తెర పక్కన పెట్టి, గాటుకు ఇరువైపులా పట్టుకుని రెండు చేతులతో ఒక్క లాగు లాగితే గుడ్డ చర్రున, దారం వెంట తిన్నగా చిరిగేది. కత్తెర వంకర పోవచ్చు గాని దారం పోదని ఆయన చెప్పిన మాట నాకు ఈనాటికీ గుర్తు. ఆ చప్పుడు ఇప్పుడు వినిపించడం లేదు. అంతా కుట్టిన బట్టలే కొంటున్నప్పుడు వినిపించదు కూడా. కొలిచిన గుడ్డను మడిచి, కాగితంలో చుట్టి, పైన వేలాడే కండె నుంచి పురికొస లాగి, అడ్డంగా నిలువుగా కట్టి, చూపుడు వేలికి చుట్టి పుటుక్కున తెంపేవారు. రసీదు కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతులు రాసేవారు. అసలుది మనకు, నీలం మరకల నకలు వారి పుస్తకంలోకి.

ఆ మనుషులకు సరుకు తెలుసు. నా బాధంతా ఈ ఒక్క మాటలో ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. 1974లో మా అక్క పెళ్ళికి గద్వాల చీర కొనేటప్పుడు, ఒడలంతా నూలు, అంచులూ కొంగూ పట్టు, వాటిని విడిగా కలిపి నేస్తారని, ఆ కలిసిన చోట వెనుకవైపు వేలితో తడిమి చూసుకోవాలని గుమాస్తాగారు అమ్మ చేత తడిమించి మరీ చెప్పారు. కొంగు చివర వేలాడే పట్టు దారం ఒకటి తెంపి అగ్గిపుల్లతో కాల్చారు. వెంట్రుక కాలినట్టు వాసన వచ్చి, వేళ్ళ మధ్య నలిపితే బూడిదై రాలింది. తరువాత మరో చీర దారం కాల్చి చూపించారు. అది కరిగి చిన్న గట్టి పూసలా అయింది. "రెండోది ఇస్తే నాకు లాభం ఎక్కువమ్మా, కానీ పెళ్ళికూతురికి అది వద్దు" అన్నారు. ఆ చీర ఇప్పుడు మా అక్క కూతురి బీరువాలో ఉంది. జరీ కొంచెం నల్లబడిందే గాని అంచు ఎక్కడా వీడలేదు.

సుల్తాన్ బజారులో రవిక గుడ్డలు అమ్మేవారి విద్య మరొకటి. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ కింద రెసిడెన్సీ బజార్లుగా పిలిచిన ఆ సందుల్లో, నేడు మహిళా విశ్వవిద్యాలయంగా మారిన కోఠీ మహిళా కళాశాలకు కూతవేటు దూరంలో, ఇరుకైన మ్యాచింగ్ సెంటర్లు వరుసగా ఉండేవి. చీర విప్పి చూపిస్తే, దుకాణదారు వెనుక బారులు తీరిన వందల మడతల్లోంచి వెతకకుండానే రెండు రూబియా గుడ్డలు లాగేవాడు. ట్యూబులైటు కింద రెండూ ఒకేలా కనిపించేవి. అతడు చీరనూ గుడ్డనూ తీసుకుని మెట్లు దిగి, నడివీధిలో ఎండలో నిలబడి, "ఇప్పుడు చూడండమ్మా" అనేవాడు. ఎండలో ఒకటి ఇటుక రంగు, మరొకటి మిరపపండు రంగు అయ్యేవి. గత నెలలో కూడా ఒక పెద్దమనిషి నాకోసం అలాగే వీధిలోకి వచ్చి నిలబడ్డారు. మెట్రో మార్గం కోసం ఆ బజారులోని దుకాణాలు కూల్చవద్దని వ్యాపారులు ఏళ్ళ తరబడి ఎందుకు ఆందోళన చేశారో నాకు ఆ క్షణంలో బాగా అర్థమైంది. అదే మెట్రో 2020 ఫిబ్రవరి నుంచి నన్ను ఇంటి దగ్గర ఎక్కించి అక్కడ దింపుతున్నది, అది లేకపోతే ఈ వయసులో నేను ఆ బజారు చూడలేను. రెండూ నిజాలే.

తప్పులు అప్పుడూ జరిగేవి. 1976లో మా తమ్ముడి బడి దుస్తుల కోసం కొన్న నీలం గుడ్డ మొదటి ఉతుకులోనే రంగు వదిలి, బాల్చీలోని నాన్నగారి తెల్ల ధోవతితో సహా అన్నిటినీ పాడు చేసింది. నాన్నగారు కుట్టిన నిక్కర్లు రెండూ పొట్లం కట్టుకుని వెళ్ళారు. శేఠ్ వాటిని వెలుతురులో పెట్టి చూసి, మాటైనా పెంచకుండా కొత్త గుడ్డ కొలిపించి, దర్జీ కూలి కూడా గల్లా పెట్టెలోంచి తీసి ఇచ్చారు. ఆ తానును మా ఎదుటే బల్ల మీద నుంచి దింపించి లోపలికి పంపారు. రెండేళ్ళ కిందట, మా ఇంటికి దూరంగా ఉన్న ఒక పెద్ద దుకాణంలో కొన్న కుర్తా కుట్లు వీడిపోతే తీసుకువెళ్ళాను. కౌంటరులోని అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది, నాకు కుర్చీ వేసింది, కానీ ఏడు రోజుల గడువు దాటితే కంప్యూటరు తీసుకోదని, తన చేతిలో ఏమీ లేదని చెప్పింది. ఆ అమ్మాయి నిజమే చెప్పింది. తను అమ్మే గుడ్డ గురించి తనకు ఎవరూ ఏమీ నేర్పలేదు, ఏ నిర్ణయమూ తన చేతిలో పెట్టలేదు. ఆ ఉద్యోగంలో ఆమె ముప్పై ఏళ్ళు ఉండబోదని కూడా ఆ దుకాణం వారికి తెలుసు.

బట్టలయ్యాక బాటాలో నల్ల బూట్లు. ఇనుప కొలత పళ్ళెం మీద పాదం పెట్టించి, బొటనవేలి ముందు ఒక వేలు చోటు వదిలి, వచ్చే ఏడాదికి కూడా సరిపోయేలా ఇప్పించేవారు. డబ్బు మిగిలితే గన్‌ఫౌండ్రీలోని లేపాక్షి ఎంపోరియంలోకి వెళ్ళి కొండపల్లి బొమ్మలనూ, నిర్మల్ బొమ్మలనూ, బీదరీ పాత్రలనూ చూసి వచ్చేవాళ్ళం. కొన్నది చాలా తక్కువ, కొనకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ తరువాత 1948 నుంచి ఉన్న తాజ్‌మహల్ హోటల్లో తలా ఒక ఇడ్లీ ప్లేటు, మరీ చేతిలో డబ్బు ఆడిన ఏడాదైతే మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి ఫేమస్ ఐస్‌క్రీం. అప్పట్లో ఆ మార్కెట్టులో పండ్ల టోకు వ్యాపారం ఇంకా కొత్తపేటకు తరలిపోలేదు. మామిడిపండ్ల కాలంలో ఆ రాతి తోరణాల కింద గడ్డి, పండు కలిసిన వాసనలో ఐస్‌క్రీం తిన్న జ్ఞాపకం నాకే కాదు, మీ పాఠకుల్లో ఎందరికో ఉండి ఉంటుంది. 1953లో అక్కడే మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ల పెట్టె ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు తప్ప కొనేవాళ్ళం కాదు.

ఆదివారాలు దుకాణాలన్నీ మూసి ఉండేవి కాబట్టే ఆ షట్టర్ల ముందు పాత పుస్తకాలవారు పట్టాలు పరిచేవారు. నేను డిగ్రీలో చదివిన పుస్తకాల్లో సగం అక్కడ కొన్నవే. వారంలో ఆరు రోజులు అమ్ముకున్న గుమ్మాన్ని ఏడో రోజు మరొకరి బతుకుతెరువుకు వదిలిన వీధి అది. ఇప్పుడు ఆదివారమూ తెరిచే దుకాణాలు పెరిగేకొద్దీ ఆ పుస్తకాల పట్టాలకు చోటు తగ్గుతున్నది.

ఆ రోజుల్లో అన్నీ బాగుండేవని నేను అనను. ఆడవాళ్ళకు ఆ వీధుల్లో మూత్రశాల లేక మా అమ్మ ప్రయాణమంతా మంచినీళ్ళు ముట్టేది కాదు; దుకాణంలో వచ్చిన గ్లాసును మా చేతికి ఇచ్చేది. ఇప్పుడు పెద్ద మాల్‌లో ఏ అంతస్తులోనైనా ఆ ఇబ్బంది లేదు, ఎస్కలేటరు ఉంది, చల్లదనం ఉంది, మోకాళ్ళ నొప్పులవారు ఎక్కడైనా కూర్చోవచ్చు. పంజాగుట్టలో 2004లో హైదరాబాద్ సెంట్రల్, మాదాపూర్‌లో 2009లో ఇనార్బిట్ వచ్చాక ఊరి కొనుగోళ్ళు పడమటికి జరిగాయంటే దానికి తగిన కారణాలే ఉన్నాయి. ఆబిడ్స్‌లో కారు నిలపడానికి చోటు లేదు, నడవడానికి ఫుట్‌పాత్ లేదు. తండ్రి నిలబడి అమ్మిన చోట పన్నెండు గంటలు నిలబడటానికి కొడుకులు ఇష్టపడకపోతే వారిని తప్పు పట్టలేము. కాబట్టి ఆ దుకాణాలను ఎలాగైనా తిరిగి తెరిపించాలని నేను కోరడం లేదు. పోతున్నవాటిని కనీసం రాసిపెట్టుకోవాలని మాత్రమే అడుగుతున్నాను.

రాతి కట్టడాన్ని నిలబెట్టుకోవడం మనకు చేతకాని పని కాదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టును శుభ్రం చేసి, మరమ్మతు చేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రజలకు అప్పగించినప్పుడు నేను వెళ్ళి చూశాను. గ్రానైటు రాయి అసలు రంగు నా చిన్నతనంలో కూడా అంత స్పష్టంగా చూడలేదు. 1908 మూసీ వరద తరువాత ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ కట్టించిన పత్తర్‌గట్టి రాతి తోరణాలు కూడా అంతే శ్రద్ధకు అర్హమైనవి. భవనాలను కాపాడటానికి 2017లో వచ్చిన వారసత్వ పరిరక్షణ చట్టం ఉంది. అయితే దుకాణమంటే భవనం ఒక్కటే కాదు. నకలు రసీదుల కట్టలు, పేరు అచ్చు వేసిన సంచీలు, చేత్తో రాసిన బోర్డులు, ఇనుప మీటరు బద్ద, అన్నిటికీ మించి దారం కాల్చి పట్టు చెప్పగల మనిషి. ఇవి ఏ చట్టం కిందికీ రావు. షట్టరు దించిన వారంలోపే పాత సామాను వాడి బండి ఎక్కుతాయి.

అందువల్ల మీ పత్రికను నేను కోరేది ఇది. ఆబిడ్స్, కోఠీ, సుల్తాన్ బజారు, పత్తర్‌గట్టి, సికింద్రాబాదు జనరల్ బజారులలో యాభై ఏళ్ళు దాటిన దుకాణాల గురించి వారానికొకటిగా రాయండి. యజమానులతో పాటు, బల్ల వెనుక నిలబడిన గుమాస్తాలతోనూ మాట్లాడించండి. వారిలో చాలామందికి ఎనభై దాటింది, కనుక ఇందులో ఆలస్యం పనికిరాదు. పాత రసీదులు, ఫోటోలు, సంచీలు ఉన్నవారు తీసుకువస్తే నకలు తీసుకుని అసలువి తిరిగి ఇచ్చేటట్టు మీ కార్యాలయంలో ఒక రోజు ఏర్పాటు చేయండి. ఏటా జనవరి ఒకటిన మొదలయ్యే నుమాయిష్‌కు ఊరంతా వస్తుంది. 1938లో మొదలైన ఆ ప్రదర్శన నిర్వాహకులు అంగీకరిస్తే, సేకరించినవాటిని అక్కడ ఒక స్టాలులో నెలన్నర పాటు చూపించవచ్చు. నగరపాలక సంస్థ వారు మూతపడిన దుకాణాల గోడల మీద పేరు, తెరిచిన ఏడాది, అమ్మిన సరుకు రాసిన చిన్న పలక పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సెల్‌ఫోను కవర్లు అమ్మే కుర్రవాడు దాన్ని రోజూ చదువుతాడు, అడిగినవారికి చెబుతాడు.

మా వంతుగా నా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి, 1974 నాటి గద్వాల చీర రసీదు. సిరా గోధుమ రంగుకు తిరిగినా, మా నాన్నగారి పేరు, కింద గుమాస్తాగారి పొడి అక్షరాల సంతకం చదవడానికి వస్తున్నాయి. రెండోది, ఆ దుకాణం పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో అచ్చు వేసిన గుడ్డ సంచీ. మా అమ్మ దాన్ని ఇరవై ఏళ్ళు కూరగాయలకు వాడి, పట్టీలు రెండుసార్లు మార్చి కుట్టింది. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు రెండూ తీసుకుని మీ కార్యాలయానికి వస్తాను.

భవదీయురాలు,
పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగిని,
చిక్కడపల్లి, హైదరాబాదు.